బెంగాలీ నవలల్లో చదివిన ఈత బెల్లం రుచి చూడాలంటే

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో పెడతాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. మీ అమ్మగారు దాచుకున్న శరత్ అనువాదాలు చదువుతూ పెరిగారు, ఆ తర్వాత విభూతిభూషణ్ దగ్గరికి వచ్చారు. ఆ పుస్తకాల్లోని పల్లెలు, చలికాలం, ఖేజూర్ బెల్లం, మరమరాలు, పాయసం మిమ్మల్ని ఏళ్ళ తరబడి ఊరించాయి. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక పటాలీ, అంటే గట్టి ఈత బెల్లం అచ్చు, తెప్పించుకున్నారు. అది రాయిలా ఉంది, తీపి తప్ప ఇంకో రుచి లేదు, కవరు విప్పగానే సెంటు వాసన కొట్టింది. "ఇంతేనా ఆ బెల్లం?" అని అడిగారు. జనవరిలో ఖమ్మం నుంచి అమ్మగారిని తీసుకుని నాలుగు రోజులు బెంగాల్ వెళ్ళాలని ఉంది, ఎక్కడికి వెళ్ళాలి, ఏం తినాలి, కుదరకపోతే ఇంట్లో ఏం చేసుకోవచ్చు అన్నది మిగతా సగం.

ఇంతే కాదండీ. మీకు వచ్చిన దాంట్లో చాలావరకు పంచదార, పైన కాస్త ఎసెన్సు. అసలు బెల్లం ఇంకా మీ నోటిదాకా రాలేదు.

నేను ఖరగ్‌పూర్ తెలుగువాణ్ణి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. మిఠాయి కార్ఖానాలకి బెల్లం కొనిపెట్టే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. చలికాలం వస్తే తెల్లారేసరికి ఏదో ఒక సంతలో బెల్లం నాలుక మీద పెట్టుకుని చూస్తూ ఉండేవాణ్ణి. శరత్‌ని మాత్రం మీలాగే తెలుగులోనే ముందు చదివాను. అందుకే మీ ప్రశ్న చూసి ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది.

మొదట చెట్టు సంగతి. ఖేజూర్ అనగానే చాలామంది అరబ్బు దేశాల ఖర్జూరం ఊహించుకుంటారు. ఆ చెట్టు వేరు. ఇది మన ఈత చెట్టు. శాస్త్రనామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. తెలంగాణలో గౌడన్నలు కల్లు గీసేది, మన చెరువు గట్ల మీదా పొలం గట్ల మీదా తనంతట తాను మొలిచేది ఏ చెట్టో, నదియాలోనూ దక్షిణ 24 పరగణాల్లోనూ బెల్లం ఇచ్చేదీ అదే. మీ ఖమ్మం జిల్లాలో కుండలోకి దిగే రసానికీ శరత్ పల్లెల్లో పొయ్యి మీద మరిగే రసానికీ పుట్టుకలో తేడా లేదు. తేడా అంతా కుండలోనే మొదలవుతుంది. కల్లు కుండలో పాత పులుపు అంటుకుని ఉంటుంది, కొత్త రసం పడగానే అది పని మొదలుపెడుతుంది. బెల్లం చేసేవాడికి ఆ పులుపే శత్రువు. కుండ రోజూ కడుగుతాడు, పొగ పెడతాడు, లోపల సున్నం రాస్తాడు.

గీసేవాణ్ణి పశ్చిమ బెంగాల్లో శియులీ అంటారు, బంగ్లాదేశ్‌లో గాఛీ. వానలు వెనకబట్టాక చెట్టెక్కి, మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టేసి, బెరడు చెక్కి లోపలి తెల్లటి మెత్తని భాగం బయటపెడతాడు. దాన్ని కొన్నాళ్ళు ఆరనిస్తాడు. తర్వాత పలచగా గాటు పెట్టి, చిన్న వెదురు గొట్టం దిగేసి, పొద్దుగూకే వేళ కుండ కడతాడు. తెల్లారేలోపు దించాల్సిందే. ఎండ తగిలితే రసం పుల్లబడుతుంది. మరుసటి ఏడు గాటు రెండో పక్కకి మారుతుంది, అందుకే ఎన్నో ఏళ్ళు గీసిన చెట్టు మాను మీద ఆ పక్కొకటి ఈ పక్కొకటి మెట్లు తేలి ఉంటాయి. రైల్లోంచి చూసినా గుర్తుపట్టవచ్చు, అమ్మగారికి చూపించండి.

చెట్టుని వరసగా గీయరు. కొద్ది రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ గాటు పెట్టిన మొదటి రాత్రి దిగే రసాన్ని జిరేన్ అంటారు. తేటగా ఉంటుంది, వాసనంతా అందులోనే. రెండో రాత్రిది దోకాట్, దానికి ఒక మెట్టు కింద. ఆపై కారేది ఇంకా తక్కువ రకం, మసగ్గా ఉంటుంది, దాంతో చేసిన బెల్లం నల్లబడుతుంది. సంతలో బెల్లం ధరల మధ్య తేడా చూసి కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు కానీ అందులో సగం కారణం ఏ రాత్రి రసం అన్నదే.

ఇక చలి. ఈ బెల్లానికి చలి ఎందుకు అంత ముఖ్యమో తెలిస్తే ఎప్పుడు వెళ్ళాలో మీకే తెలుస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే గాటు దగ్గరే, కుండలోనే సూక్ష్మజీవులు రసంలోని చక్కెరను విరిచేస్తాయి. అలా విరిగిన చక్కెర ఎంత మరిగించినా గట్టిపడదు, జిగురుగా సాగుతుంది. ఆకాశం తేటగా ఉండి, పొడి చలి కొరికే రాత్రుల్లో దిగిన రసమే చక్కగా అచ్చు కడుతుంది. మబ్బు పట్టినా, మంచు బాగా కురిసినా ఆ రోజు సరుకు తేలిపోతుంది. నవంబరులో మొదలై ఫిబ్రవరిలో అయిపోతుంది గానీ, నా లెక్కలో డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకానే అసలైన రోజులు. చలి ఆలస్యంగా వచ్చిన ఏడాది అవి కూడా తగ్గుతాయి. మీరు అనుకున్న జనవరి సరైన నెల.

వండటం కూడా చెప్పాలి, ఎందుకంటే నకిలీ గుట్టు అక్కడే ఉంది. 8–10 లీటర్ల రసం మరిగితే 1 కిలో బెల్లం వస్తుంది. వెడల్పుగా, లోతు లేకుండా ఉండే రేకు పెనంలో మట్టి పొయ్యి మీద, తరచు ఎండిన ఈత మట్టలే మంటగా పెట్టి, నురగ తీసేస్తూ గంటల తరబడి మరిగిస్తారు. పలచగా ఉండగానే దించితే ఝోలా గుర్, అంటే పాకంలా జారే బెల్లం. ఇంకాస్త ముదరనిచ్చి పూస కట్టనిస్తే దానా గుర్. అచ్చులు పోయాలంటే ఒక కిటుకు ఉంది. పాకం దించాక కొంచెం బెల్లాన్ని పెనం అంచుకి చేర్చి, కర్ర గరిటెతో రాపిడి పెడతారు. ఆ కాస్తా తెల్లబడి రవ్వలా అవుతుంది. దాన్ని బీజ్ అంటారు. ఆ బీజ్‌ని మొత్తంలో కలిపేస్తే తక్కినది కూడా దానితోపాటు గడ్డకడుతుంది. వెంటనే మూకుళ్ళలో పోసేస్తారు. అదే పటాలీ. ఎప్పుడు దించాలి, ఎంత బీజ్ పట్టాలి అన్నది ఏ కొలతా చెప్పదు, చేతికి తెలియాలి. నరేంద్రనాథ్ మిత్ర రాసిన 'రస్' అన్న కథ మొత్తం దీని మీదే నడుస్తుంది: బెల్లం వండటంలో ఆరితేరిన విధవరాలిని ఆ పనితనం కోసమే పెళ్ళాడి, సొమ్ము చేతిలో పడ్డాక వదిలేసి, పడుచుపిల్లని కట్టుకున్న గాఛీ కథ. చెట్లు అవే, రసం అదే, కానీ బెల్లం మునుపటిలా రాదు. 1973లో వచ్చిన హిందీ సినిమా 'సౌదాగర్' ఈ కథే. బెల్లం వ్యాపారంలో ఉన్నవాళ్ళెవరూ ఆ కథని కల్పన అనుకోరు. ఒకే ఊళ్ళో పక్కపక్క పొయ్యిల మీద వండిన రెండు బెల్లాలు వేరువేరుగా ఉండటం మేం రోజూ చూసేదే.

మీకొచ్చిన అచ్చు రాయిలా ఎందుకుందంటే, గట్టిపడని రసానికి పంచదార పోసి గట్టిపరుస్తారు కాబట్టి. ఈత చెట్లు బాగా తగ్గాయి, ఇటుక బట్టీల పొయ్యిల్లోకి చాలా పోయాయి. చెట్టెక్కే కుర్రవాళ్ళు పట్నం పనులకి పోతున్నారు. అడిగేవాళ్ళు మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. పంచదార చవక, పైగా అది కలిస్తే అచ్చు నిగనిగలాడుతుంది, పార్సిల్‌లో విరగదు. కాబట్టి దూరం నుంచి చెక్కుచెదరకుండా వచ్చిన అచ్చునే ఎక్కువ అనుమానించాలి. నిఖార్సైన పటాలీ బొటనవేలితో నొక్కితే నలుగుతుంది. విరిస్తే లోపల కాస్త తడిగా, మెత్తగా ఉంటుంది. రంగు ముదురు గోధుమ. నాలుక చివర ఉప్పగా తగిలితే పాత సరుకు, చేదు తగిలితే పాకం మాడింది. అన్నిటికంటే నేను నమ్మేది వాసన వచ్చే తీరు. ఎసెన్సు కలిపింది డబ్బా మూత తీయగానే గుప్పుమంటుంది, నోట్లో వేసుకున్నాక ఏమీ ఉండదు. అసలుది ముక్కుకి పెద్దగా తెలియదు. నోట్లో కరిగి, మింగాక, సన్నటి పొగ వాసన, ఆ వెనక ఏదో పువ్వు వాసనలాంటిది గొంతు వెనక నుంచి పైకి వస్తుంది.

ఇప్పుడు నవలల సంగతి. మీలాగే పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు నేరుగా కోల్‌కతాలో పేరున్న మిఠాయి దుకాణానికి వెళ్ళి నొలెన్ గుర్ సందేశ్, అంటే కొత్త ఈత బెల్లంతో చేసిన పాల విరుగుడు మిఠాయి, కొనుక్కుంటారు. అది తినాల్సిందే, తప్పు పట్టను. నా జీవితంలో సగం ఆ సందేశ్‌కి బెల్లం సరఫరా చేయడంతోనే గడిచింది. కానీ మీరు చదివిన ఇళ్ళల్లో అది రోజువారీ తిండి కాదు. పెళ్ళివారి కావిళ్ళలోనో, అల్లుడు వచ్చినప్పుడో, జమీందారు ఇంట్లోనో కనబడుతుంది. మామూలు ఇంట్లో పొద్దున పిల్లవాడి ఒళ్ళో పోసేది మరమరాలు, పక్కన బెల్లం ముక్క. లేదంటే అటుకులూ పెరుగూ బెల్లమూ. అతిథి వస్తే లూచీలు, అంటే మైదా పూరీలు, కాలుతాయి. శరత్ నవలల్లో భోజనం అంటే వడ్డించే ఆడమనిషి, చేతిలో విసనకర్ర, "ఇంకొంచెం తిను" అన్న బతిమాలాట. ఆ వడ్డించే మనిషి విధవ అయితే తను చేప ముట్టదు, ఏకాదశి నాడు మంచినీళ్ళు కూడా ముట్టదు. ఎవరు తింటున్నారు, ఎవరు చూస్తూ కూర్చున్నారు అన్నదాంట్లోనే కథ సగం ఉంటుంది. అది దుకాణంలో దొరకదు, కానీ అది తెలిసి తింటే నోట్లోది వేరుగా ఉంటుంది.

విభూతిభూషణ్ 'పథేర్ పాంచాలీ' నవలలో ఒక ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. అపు తండ్రి వెంట ఒక కలిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి మోహన్‌భోగ్ తింటాడు. నెయ్యి ఓడుతూ, కిస్మిస్ వేసి ఉంటుంది. వాళ్ళమ్మ ఇంట్లో అదే పేరుతో పెట్టేది నీళ్ళలో ఉడికించిన రవ్వ, అందులో కాస్త బెల్లం. అసలు మోహన్‌భోగ్ ఎలా ఉంటుందో ఆ పూట పిల్లవాడికి తెలుస్తుంది, దాంతోపాటు తాము బీదవాళ్ళమనీ తెలుస్తుంది, అమ్మ మీద జాలి కలుగుతుంది. నవలల్లో తిండి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఈ ఘట్టం దగ్గరే మొదలవుతుంది. ఆ పల్లెల్లో రుచి ఎప్పుడూ బీద సరుకునే ఆశ్రయించుకుని ఉంది. అందుకే మిఠాయి దగ్గర మొదలుపెట్టకండి. బెల్లం దగ్గర మొదలుపెట్టి మిఠాయి దగ్గరికి రండి.

మొదటి పొద్దున తాజా ఝోలా గుర్, వేడి రొట్టె. లేకపోతే మరమరాల్లో ఆ పాకం పోసుకుని, నాలుగు పచ్చి కొబ్బరి ముక్కలు వేసుకుని, అవి మెత్తబడకముందే తినేయండి. బెంగాల్ మరమరాలు మన దగ్గర ప్యాకెట్లలో వచ్చేవాటికంటే నిండుగా ఉంటాయి, వేడి ఇసకలో వేయించినవి కాబట్టి కాస్త ఉప్పూ పొగా తగులుతాయి. ఖరగ్‌పూర్ ఉన్న మా మేదినీపూర్ వైపు వాళ్ళకైతే మరమరాలు లేని పూట లేదు. ఆ ఉప్పదనం మీదే బెల్లం తీపి తేలుతుంది. ఆ మొదటి పూట ఇంకేమీ తినవద్దని అడుగుతాను. నాలుకకి ఆ రుచి పట్టుబడాలి, తర్వాత ఎక్కడ తిన్నా మోసం ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది జయనగర్ మోవా. కనకచూర్ అనే వాసన ధాన్యాన్ని పేలాలు చేసి, నొలెన్ గుర్‌తో, నెయ్యితో కలిపి, చేతితో వదులుగా కట్టిన ఉండ. 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెదవులతో నొక్కితే చాలు, విడిపోతుంది. కొరికితే తప్ప లొంగనిది కనకచూర్ కాదు, మామూలు పేలాలు, ఎక్కువ పాకం. కోల్‌కతా కాలిబాటల మీద ఆ పేరుతో అమ్మేవాటిలో ఇవే ఎక్కువ. అందుకే ఆ ఊరికే వెళ్ళమంటాను. జయనగర్ మజిల్‌పూర్ స్టేషన్ సియాల్దా దక్షిణ శాఖలో, కోల్‌కతాకి సుమారు 50 కిలోమీటర్లు. పక్కనే ఉన్న బహడూలో కూడా పాత చేతులున్నాయి.

ఆ తర్వాత పిఠే, అంటే బియ్యప్పిండితో చేసే పండగ పిండివంటలు. మనకి సంక్రాంతి అయిన రోజే వాళ్ళకి పౌష సంక్రాంతి. కొత్త బియ్యం, కొత్త బెల్లం, కొబ్బరి, మనం అరిసెలు వండే రోజున వాళ్ళు పాటిశాప్టా పోస్తారు, పాలలో ఉడికే కొబ్బరి పూర్ణాల దూధ్ పులి చేస్తారు. పాటిశాప్టా పలచటి పిండి అట్టు, లోపల బెల్లంలో మగ్గిన కొబ్బరి పెట్టి చుట్టేస్తారు. ఇది ఇంటి వంట. దుకాణాల్లో దొరికేది చల్లారి బిగుసుకుపోయి ఉంటుంది. కోల్‌కతాలో చలికాలంలో పిఠే మేళాలు జరుగుతుంటాయి, ఆడవాళ్ళు అప్పటికప్పుడు పోసి పెడతారు, అక్కడ తినండి. ఎవరైనా బెంగాలీ పరిచయస్తులు ఇంటికి పిలిస్తే మాత్రం మేళా వదిలేసి అక్కడికి వెళ్ళండి.

సందేశ్ ఇప్పుడు. చలికాలంలో మంచి దుకాణాలన్నీ చెనాలో (పాల విరుగుడులో) పంచదార తగ్గించి కొత్త బెల్లం వేస్తాయి, రంగు లేత గోధుమకి తిరుగుతుంది. నరమ్ పాక్ అంటే మెత్తనిది, కడా పాక్ అంటే గట్టిది, నిలవుండేది. మీరు మెత్తదే తినండి, అదే పూట తినండి. ఉత్తర కోల్‌కతాలో నకూర్, బౌబజార్‌లో భీమ్ నాగ్, రెండూ పంతొమ్మిదో శతాబ్దం నాటివి. చందన్‌నగర్ వెళితే సూర్య మోదక్ దుకాణంలో జల్‌భరా సందేశ్ ఉంది, కొరకగానే లోపలి నుంచి పాకం జారుతుంది, చొక్కా జాగ్రత్త.

బెల్లం వండటం కళ్ళారా చూడాలంటే నదియా జిల్లా మాజ్దియా. సియాల్దా నుంచి గేదే వెళ్ళే లోకల్ ఎక్కితే దారిలోనే ఈ స్టేషన్. చలికాలంలో ఇక్కడ బెల్లం సంత జరుగుతుంది, సైకిళ్ళ మీద మట్టి కుండలు కట్టుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి వస్తారు. మేమూ అక్కడే కొనేవాళ్ళం. సంత ఏ వారాల్లో అన్నది మీరుండే హోటల్లోనో స్టేషన్లోనో ముందు రోజు కనుక్కోండి. సంత లేని రోజైనా పల్లె దారుల్లో పొయ్యిలు కనిపిస్తాయి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలి, ఆలస్యమైతే పెనాలు కడిగేస్తారు. వండేవాళ్ళ దగ్గర ఒక కుండెడు కొనాలనుకుంటే బేరం ఆడకండి. పంచదార కలపకుండా వండితే కిలోకి ఎన్ని లీటర్ల రసం పోతుందో పైన చెప్పాను. వాళ్ళు అడిగిన ధర తగ్గించమంటే ఆ తగ్గింపు మరుసటి రోజు పెనంలో పంచదారై కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా పచ్చి రసం తాగకండి. నవలల్లో పిల్లలు తెల్లారగట్ల చలికి వణుకుతూ చల్లటి రసం తాగుతారు, మీకూ తాగాలనిపిస్తుంది. రాత్రిపూట గబ్బిలాలు ఆ గాటు దగ్గరికి వచ్చి రసం నాకుతాయి. నిపా వైరస్ మనుషులకి చేరే దారుల్లో ఇది ఒకటని బంగ్లాదేశ్‌లో ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధన తేల్చింది. పశ్చిమ బెంగాల్లోనూ 2001లో సిలిగురిలో, 2007లో నదియాలో నిపా వచ్చి మనుషులు పోయారు. కొందరు గాటుకి వెదురు తడిక కడతారు, మంచిదే, కానీ కట్టారో లేదో మీరు చెట్టెక్కి చూడలేరు. గంటల తరబడి మరిగిన బెల్లానికి ఆ భయం లేదు. అమ్మగారి వయసు దృష్ట్యా ఈ మాట ముందే ఆవిడకి చెప్పి ఉంచండి, అక్కడ గ్లాసు చేతికిచ్చాక కాదనడం కష్టం.

అమ్మగారు శరత్ అభిమాని అన్నారు కాబట్టి ఒక పూట దేవుల్టీకి కేటాయించండి. హౌరా, ఖరగ్‌పూర్ మధ్య చిన్న స్టేషన్. అక్కడి సామ్తాబేడ్‌లో, రూప్‌నారాయణ్ నదికి దగ్గర్లో శరత్ కట్టుకున్న ఇల్లు ఉంది. 1938లో ఆయన పోయేదాకా గడిచిన ఆఖరి ఏళ్ళలో చాలాకాలం అక్కడే ఉన్నారు. మీరు ఖమ్మంలో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది ఖరగ్‌పూర్ మీదుగానే వస్తుంది. ఖరగ్‌పూర్‌లో దిగి హౌరా లోకల్ పట్టుకుంటే దేవుల్టీ దారిలోనే పడుతుంది. భోజనానికి అక్కడ పెద్ద ఏర్పాట్లు ఆశించకండి. ఖరగ్‌పూర్‌లోనే మరమరాలూ బెల్లమూ కొనుక్కుని పెట్టుకోండి. ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళకి కరువు లేదు, నోరు తెరిచి అడిగితే మంచి బెల్లం ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్తారు.

వెళ్ళడం కుదరకపోతే ఇంట్లో చేసుకోదగ్గది నొలెన్ గురేర్ పాయేష్. మన పరమాన్నానికి దగ్గరి చుట్టమే కానీ చేసే తీరులో రెండు మూడు పట్టింపులున్నాయి. 1 లీటరు చిక్కటి పాలు, 70 గ్రాముల బియ్యం, 150 గ్రాముల బెల్లం. వాళ్ళు గోబిందోభోగ్ బియ్యం వాడతారు. మీకు చిట్టిముత్యాలు దొరుకుతాయి, వాటితో నిశ్చింతగా చేయవచ్చు. బియ్యం కడిగి ఆరబెట్టి, అర చెంచా నెయ్యి పట్టించి పక్కన పెట్టండి. పాలలో ఒక బిర్యానీ ఆకు వేసి మూడో వంతు ఇగిరేదాకా మరిగించి, బియ్యం వేసి సన్న సెగ మీద మెత్తగా ఉడికించండి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. స్టవ్ ఆపేసి, గిన్నె దించి, పది నిమిషాలు ఆగండి. బెల్లాన్ని విడిగా కొద్ది నీళ్ళలో కరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి. మరుగుతున్న పాలలో పోస్తే విరిగిపోతాయి. యాలకులు వేయవద్దు, మన చెయ్యి అటు పోతుందని తెలుసు, కానీ ఆ వాసన ముందు బెల్లం పొగ వాసన నిలవదు. పచ్చ కర్పూరం అసలే వద్దు. వేడిగా తినకండి, రాత్రి చేసి పొద్దున తింటేనే బెల్లం రుచి పైకి తేలుతుంది.

దానికి మంచి బెల్లం కావాలి కదా అంటారు. హైదరాబాద్‌లో బెంగాలీ సరుకులమ్మే దుకాణాలకి చలికాలంలో వస్తుంది, డిసెంబరు ముందు వచ్చిందంటే కొనకండి. ఝోలా గుర్ సీసా మూత ఉబ్బి ఉంటే పులిసిందని అర్థం. కోల్‌కతా నుంచి విమానంలో ఎవరైనా తెస్తే అంతకంటే మేలు లేదు. తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టండి. పటాలీని కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే కొన్ని నెలలుంటుంది, వాసన మాత్రం వేసవికి సన్నగిల్లుతుంది. విదేశాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు బంగ్లాదేశీ కిరాణాల్లో అడగండి, జెసోర్ వైపు బెల్లం వస్తుంటుంది. మాణిక్‌గంజ్ హజారీ గుర్ కనబడితే వదలకండి, తెల్లగా ఉందని అనుమానపడకండి, దాని తీరే అంత, చేతిలో పొడిపొడి అవుతుంది. మీ దగ్గరున్న ఆ రాయి అచ్చుని పారేయనక్కర్లేదు, కరిగించి మరమరాల ఉండలు కట్టేసుకోండి. అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, ఈత బెల్లం షుగర్‌కి మంచిదన్న ప్రచారం నమ్మకండి. బెల్లం బెల్లమే. నాలుక మీదికి ఒక చిటికెడు చాలు.

ఇక తేదీలు. సంక్రాంతికి ఇంట్లో ఉండి, పండగ అయ్యాక బయల్దేరండి. సంక్రాంతికి గంగాసాగర్ మేళా ఉంటుంది. ఆ యాత్రికులు సియాల్దా నుంచి నామ్‌ఖానా వైపు వెళ్ళేది జయనగర్ మీదుగానే, కాలు పెట్టే చోటుండదు, పెద్దావిడతో ఆ రైలెక్కడం అయ్యే పని కాదు. జనవరి 18 తర్వాత రద్దీ పలచబడుతుంది, చలి మాత్రం ఉంటుంది, చాలా ఇళ్ళల్లో పిఠేలూ ఇంకా సాగుతుంటాయి. వెళ్ళేటప్పుడు ఖరగ్‌పూర్‌లో దిగి దేవుల్టీ చూసుకుని హౌరా చేరండి. బస హౌరాలో కాకుండా సియాల్దా దగ్గర పెట్టుకోండి, మాజ్దియాకీ జయనగర్‌కీ రైళ్ళు అక్కడి నుంచే. మాజ్దియాకి తెల్లవారుజాము బండి ఎక్కాలి కాబట్టి అది రెండో రోజున పెట్టుకోండి, జయనగర్ మూడో రోజు, సందేశ్‌లు తిరుగు ప్రయాణం ముందు సాయంత్రం. అమ్మగారికి శాలువా, మంకీ క్యాప్ రెండూ తీసుకెళ్ళండి. మాజ్దియా పొలాల్లో ఆరింటికి చలి మన ఖమ్మం చలి కాదు.